నోటిలో కోత: కత్తి, కరెంటు, లేజర్

ప్రశ్న: బుగ్గ లోపలి తెల్లమచ్చను కత్తితో కాక లేజర్‌తో తొలగిస్తే గాయం త్వరగా మానుతుందన్నది నిజమేనా? ఆ తరువాత గాయంపై తెల్లని పొర కనిపిస్తే చీము పట్టినట్లా?

జవాబు: లేజర్‌తో రక్తస్రావం తగ్గుతుందన్నది నిజమే గాని, గాయం త్వరగా మానుతుందన్నది అన్ని సందర్భాల్లోనూ నిలిచే మాట కాదు. స్కాల్పెల్ అనే శస్త్రచికిత్స కత్తి వేడి పుట్టించకుండా కోస్తుంది కనుక అంచుల్లోని కణాలు సజీవంగా మిగులుతాయి; ఆ అంచులను కుట్లతో చేరిస్తే, పైపొర కణాలు కొద్ది దూరం పాకగానే గాయం మూసుకుంటుంది. 1926లో బోస్టన్‌లో విలియం బోవీ పరికరాన్ని హార్వే కుషింగ్ శస్త్రచికిత్సలో వాడిన తరువాత వ్యాప్తిలోకి వచ్చిన విద్యుత్ కోత గాని, 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కార్బన్ డయాక్సైడ్ లేజర్ గాని కణాల్లోని నీటిని ఆవిరి చేస్తూ కోస్తాయి. ఆ వేడికి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి; అయితే అంచున పలుచని మేర కణజాలం కూడా చనిపోతుంది, శరీరం దానిని తొలగించుకుంటూ ఉండగా కొత్త పైపొర ఏర్పడవలసి రావడంతో మొదటి రోజుల్లో మానడం నెమ్మదిస్తుంది. ఎముకకు ఆనుకొని విద్యుత్ కోత వాడితే ఆ వేడి ఎముకనే దెబ్బతీయవచ్చు.

ఈ నెమ్మదితనం నష్టమేనని భావించనక్కరలేదు. గాయాన్ని ముడిచి దగ్గరకు లాగే మయోఫైబ్రోబ్లాస్టులనే కణాలు లేజర్ గాయంలో తక్కువగా కనిపిస్తాయి కనుక, మచ్చ బిగుసుకుంటే కదలిక తగ్గే నాలుక కింది భాగం వంటి చోట్ల అది మేలే చేస్తుంది. తెల్లని పొర సాధారణంగా ఫైబ్రిన్, అంటే రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్; అది గాయానికి సహజమైన కప్పు, దానిని గీకి తీయరాదు. నొప్పి, వాపు రోజురోజుకూ పెరిగినా, జ్వరం, దుర్వాసన తోడైనా మాత్రం ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి.

తెల్లమచ్చ విషయంలో మానే వేగం కంటే ముందుగా ఆలోచించవలసింది బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించడం. గుట్కా, ఖైనీ నమిలేవారిలోనూ, ఉత్తరాంధ్రలో నిప్పు నోటి లోపల ఉంచి అడ్డపొగ తాగేవారి అంగిలిపైనా వచ్చే మచ్చల్లో కొన్ని క్యాన్సర్‌కు దారితీస్తాయి. వేడికి ముక్క అంచుల కణాలు వికృతమై పాథాలజిస్టు పరిశీలనకు అడ్డు వస్తాయి, మచ్చనంతా ఆవిరి చేస్తే పరీక్షకు ఏమీ మిగలదు. కనుక ముందుగా కత్తితో ముక్క తీయించి, నివేదిక చూసిన తరువాతనే లేజర్ సంగతి వైద్యునితో చర్చించడం ఉచితం.