గోడల ఊపిరి

శ్రీకాకుళం జిల్లా టెక్కలి పరిసరాలలో దొరికే నీలి గ్రానైటు శిలకు దేశవిదేశాలలో మంచి పేరున్నది. ఒకప్పుడు ఎగుమతికే పరిమితమనిపించిన ఆ రాయి నేడు స్థానికుల ఇండ్లలోనూ నేలగా, మెట్లుగా, వంటగది గట్టుగా అమరుతున్నది. తాటాకు చుట్టిండ్ల స్థానంలో సిమెంటు కప్పులు, సున్నపు పూతల స్థానంలో రసాయన వర్ణాలు, టేకు తలుపుల స్థానంలో ప్లైవుడ్ పలకలు వచ్చాయి. వాయు కాలుష్యమనగానే కర్మాగారపు పొగగొట్టమే అందరికీ స్ఫురిస్తుంది. కాని మనిషి ఎక్కువ కాలం పీల్చేది ఇంటి గాలినే. ఆ గాలిలో గోడలకూ, నేలకూ భాగమున్నది.

తూర్పు కనుమల శిలలు అతి ప్రాచీనమైనవి. వాటిలో ఒకటైన ఖోండలైటుకు, ఆ కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరును 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడు. రాళ్లలో, మట్టిలో అత్యల్పంగా యురేనియం, థోరియం ఉంటాయి. భీమునిపట్నం, శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలోని మోనజైటు ఖనిజంలో థోరియం మరింత అధికం. యురేనియం క్రమంగా క్షీణించి రేడియంగా, అది రాడాన్ వాయువుగా మారుతుంది. థోరియం నుండి థోరాన్ పుడుతుంది. ఈ వాయువులకు రంగు లేదు, వాసన లేదు. రాడాన్ అర్ధాయువు సుమారు 3.8 రోజులు, థోరాన్‌ది 56 సెకన్లు మాత్రమే. అందుచేత థోరాన్ గోడ దగ్గరనే సాంద్రంగా ఉంటుంది, గది మధ్యకు చేరేలోగా చాలావరకు నశిస్తుంది. వీటి నుండి పుట్టే ఘనకణాలు ధూళిని అంటుకొని ఊపిరితిత్తులలో నిలిచిపోవడమే అసలు ప్రమాదం.

కంటికి కనిపించని దానిని కొలిచేదెట్లు? భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన జంట గిన్నెల పరికరం దీనికి చక్కని ఉపాయం. ప్రతి గిన్నెలోను సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ము ముక్క ఒకటి ఉంటుంది. ఒక గిన్నె మూతికి వడపోత కాగితం, రెండవదానికి పలుచని పొర. కాగితం గుండా రెండు వాయువులూ లోపలికి పోతాయి. పొరను దాటేలోగా థోరాన్ ఆయువు తీరిపోతుంది, రాడాన్ మాత్రమే చేరుతుంది. రెండింటి తేడాయే థోరాన్ లెక్క. పరికరాన్ని గదిలో గోడకు దూరంగా సుమారు మూడు నెలలు వ్రేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు ఫిల్ముపై చేసిన గాయాలు సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో పెద్దవవుతాయి. వాటిని సూక్ష్మదర్శిని క్రింద లెక్కిస్తారు. ఒక రోజు కొలత చాలదు; తలుపులు మూసుకొనే చలికాలంలో రాడాన్ హెచ్చుతుంది, కిటికీలు తెరచిన కాలంలో తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో, ఘనపు మీటరు గాలిలో 100 బెక్వెరల్‌లను రాడాన్‌కు సూచికగా నిర్ణయించింది. అది సాధ్యపడని చోట 300 దాటరాదన్నది. పొగాకు తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు రాడాన్ ఒక ముఖ్య కారణం.

ఇంతమాత్రాన గ్రానైటును చూసి జడియనక్కరలేదు. నునుపు చేసిన పలక నుండి వెలువడే రాడాన్ సాధారణంగా స్వల్పం. ఇంటి క్రింది నేల నుండి వచ్చేదే అధికం. మట్టిగోడ కూడా నిర్దోషి కాదు. అది సందులుగలది గనుక థోరాన్‌ను బాగానే వదలుతుంది. చుట్టిల్లు మేలు చేసినది మట్టి వలన గాదు, గాలి ఆడటం వలన. రాతి వలన నిజంగా నష్టపోతున్నవాడు వేరే ఉన్నాడు. పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము కోత కార్మికుని ఊపిరితిత్తులలో శాశ్వతంగా నిలుస్తుంది. నీటి ధార క్రింద కోస్తే ఆ దుమ్ము చాలావరకు అణుగుతుంది.

ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. వేడి, తేమ హెచ్చినకొద్దీ దాని పాలూ హెచ్చుతుంది. సముద్రతీరపు ఉక్కలో ఈ సంగతి మరువరాదు. పలకల అంచులను పూతతో మూసివేయడం, కొత్త ఇంట్లో రంగులు ఆరేవరకు కాపురం వాయిదా వేయడం ఖర్చులేని ఉపాయాలు. రంగులలో సీసం మిలియను భాగాలకు 90 దాటరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చింది. పాత ఆస్‌బెస్టాస్ రేకులను కోయరాదు, తొలచరాదు; తీయవలసివస్తే తడిపి, పగులకుండా దించాలి. నేల పగుళ్లను సిమెంటుతో పూడ్చి, ఎదురెదురు కిటికీలను ఉదయం సాయంత్రం తెరచి ఉంచితే రాడాన్ చాలవరకు తగ్గుతుంది. మంచాన్ని గోడకు ఒక బారెడు ఎడంగా వేస్తే థోరాన్ పడుకొన్నవారిని చేరేలోగానే నశిస్తుంది.