చలికాలపు మజిలీలు

ఉద్యోగం విరమించాక మా దంపతులం చాలా శీతాకాలాలు మోటార్‌హోమ్‌లో గడిపాం. ఇంగ్లండులో ఇంటికి తాళం వేసి, ఫ్రాన్స్ మీదుగానో ఓడలోనో స్పెయిన్, పోర్చుగల్ దాకా వెళ్లివచ్చేవాళ్లం. మా ఆవిడ మోకాళ్లు బండి మెట్టు ఎక్కనివ్వకపోవడంతో నిరుడు అమ్మేశాం. ఇప్పుడు మా మనవరాలు, ఆమె భర్త అదే దారిన బయలుదేరుతున్నారు. ఎక్కడేం చూడాలో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రాత్రిళ్లు ఎక్కడ ఆగాలో మాత్రం అడిగారు. ఆ ఒక్క విషయంలో నా మాటకు కాస్త విలువ ఉందనుకుంటాను.

1. ముందు రాత్రి మజిలీ, తర్వాతే పగటి దారి.

ఎండాకాలంలో యూరప్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. తిరగ్గా తిరగ్గా ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది. డిసెంబరులో లండన్ చుట్టుపక్కల నాలుగు కాకముందే పొద్దుగుంకుతుంది. చీకట్లో బోర్డు మీద ఏం రాసుందో కనబడదు. సముద్రతీరపు పార్కింగుల ముందు రెండు మీటర్ల ఎత్తున అడ్డంగా పెట్టే ఇనుప కమ్మీ దగ్గరికెళ్లేదాకా తెలియదు. నేను ఎప్పుడూ "ఇంకో యాభై కిలోమీటర్లు" అనే రకం. ఫ్రాన్స్ పడమటి తీరంలో ఒక సాయంత్రం అలాగే సాగదీసి, గొలుసులు వేసిన గేట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, చివరికి మోటార్‌వే పక్కన లారీల మధ్య ఆపాను. మోటార్‌వే విశ్రాంతి స్థలాల్లో మనుషులు నిద్రపోతుండగానే బండ్లలో దొంగలు పడటం అక్కడ కొత్తేమీ కాదు. మాకేమీ పోలేదు గానీ, మా ఆవిడ తెల్లవార్లూ డ్రైవర్ సీట్లో కూర్చునే ఉంది. ఆ తర్వాత బుద్ధొచ్చి నియమం పెట్టుకున్నాం: మధ్యాహ్నం మూడింటికల్లా బండి ఆగాలి. అనుకున్న చోటు మూసి ఉంటే అరగంట దూరంలో ఇంకొకటి ముందే చూసి పెట్టుకోవాలి.

2. ఆగస్టులో ఎవరో మెచ్చుకున్న చోటు జనవరిలో ఉంటుందని నమ్మకండి.

ఫ్రాన్స్‌లో చాలా క్యాంపు స్థలాలు అక్టోబరులో మూసేస్తే మళ్లీ ఈస్టరుకే తెరుస్తాయి. పార్క్‌ఫర్‌నైట్ లాంటి యాప్‌లలో నక్షత్రాలు కాదు, ఆ మాట రాసింది ఏ నెలలోనో చూడండి. నాలుగు వేసవి పొగడ్తల కన్నా ఒక్క ఫిబ్రవరి ఫిర్యాదు మేలు. వీలైతే ఫోన్ చేయండి. ఫ్రాన్స్‌లో ఊరూరా మునిసిపాలిటీలు మోటార్‌హోమ్‌ల కోసం ఏర్పాటు చేసిన 'ఏర్'లు చాలావరకు చలికాలంలోనూ ఉంటాయి. కాకపోతే గడ్డకట్టి పైపులు పగులుతాయని నీళ్లు కట్టేస్తారు. అందుకే పనిచేసే కుళాయి ఎక్కడ కనబడినా ట్యాంకు నింపుకోవాలి. క్యాంపింగ్‌కార్ పార్క్ వాళ్ల స్థలాల్లో కార్డు చూపిస్తే గేటు లేస్తుంది. మనిషి ఉండాల్సిన పనిలేదు కాబట్టి సీజనుతో నిమిత్తం తక్కువ. జర్మనీలో వేడినీటి స్నానశాలల పక్కనుండే 'ష్టెల్‌ప్లాట్స్' అనే ఇలాంటి స్థలాలకు అసలు గిరాకీ చలికాలంలోనే.

ఇంకో సంగతి. ఉత్తరాన ఆఫ్ సీజన్ అయితే దక్షిణాన అదే సీజన్. బెనిడార్మ్ చుట్టూ, పోర్చుగల్ అల్గార్వ్ తీరంలో జనవరి నెలంతా డచ్చి, జర్మన్, ఇంగ్లీషు పింఛనుదార్లు దిగి ఉంటారు. ఖాళీగా ఉంటుందని వెళ్తే ఖాళీ లేదన్న బోర్డు ఎదురవుతుంది.

3. ఉచితంగా పడుకున్న ప్రతి రాత్రీ లాభం కాదు.

ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఏ రాత్రి ఎన్ని యూరోలు మిగిలాయో నేనొక పుస్తకంలో రాసేవాణ్ణి. ఊరి చివర, చర్చి వెనక, ఫుట్‌బాల్ మైదానం పక్కన, డబ్బు కట్టక్కర్లేని చోటైతే చాలు. చలికాలంలో హీటరు రాత్రంతా నడవాలి. మబ్బు పట్టిన ఆకాశం కింద సోలార్ పలక ఇచ్చేది నామమాత్రం. రెండో రాత్రికే బ్యాటరీ నీరసిస్తుంది, కిటికీల లోపలివైపు చెమ్మ కారుతుంది, తువ్వాళ్లు ఆరవు. "ఇవాళ కరెంటున్న చోట ఆగుదామండీ, వేణ్ణీళ్లతో తలస్నానం చేస్తాను" అని ఆవిడ అడిగేది. "రేపు" అనేవాణ్ణి. ఆ రేపు మూడు నాలుగు రోజులు సాగేది.

ఏసీఎస్ఐ అనే డచ్చి సంస్థ ఇచ్చే కార్డు ఉంటే, ఆఫ్ సీజన్లో తెరిచి ఉన్న ఎన్నో మంచి క్యాంపుల్లో కరెంటుతో సహా తక్కువ రేటుకే చోటిస్తారు. జులై, ఆగస్టు రద్దీ రోజుల్లో అది చెల్లదు. మనలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. ఆ కార్డు గురించి మొదటి ఏడాదే తెలిసినా కొనలేదు, దానికీ డబ్బు కట్టాలి కదా అని. మీరు ముందే నిర్ణయించుకోండి: రెండు రాత్రులు బయట, మూడోది కరెంటు దగ్గర. దీని మీద రోజూ వాదన పెట్టుకోవద్దు.

4. బండి నిలిపినంతవరకే హక్కు. కుర్చీ బయట వేస్తే అది క్యాంపింగ్.

స్పెయిన్‌లో ట్రాఫిక్ శాఖ లెక్క ప్రకారం, చక్రాలు తప్ప మరేదీ నేలను తాకకుండా, తెర చాపకుండా ఉన్నంతసేపూ అది పార్కింగే. లోపల మీరు నిద్రపోతున్నారా అన్నది వాళ్లకు అనవసరం. మునిసిపాలిటీ వద్దని బోర్డు పెడితే మాత్రం ఆ మాట వినాల్సిందే. పోర్చుగల్‌లో 2021లో చట్టం ముందు బాగా బిగించి, అదే ఏడాది కొంత సడలించారు. నిషేధం లేనిచోట ఒక మునిసిపాలిటీ పరిధిలో 48 గంటలు ఉండొచ్చు. రక్షిత ప్రాంతాల్లో, తీరప్రాంత ప్రణాళికల కిందికి వచ్చే సముద్రతీరాల్లో ఆ వెసులుబాటు లేదు. స్కాట్లండ్ గురించి అందరూ పొరబడతారు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇచ్చిన స్వేచ్ఛ నడిచేవాళ్లకు, గుడారం వేసుకునేవాళ్లకు. మోటారు బండికి కాదు.

చలికాలంలో పోలీసులు పెద్దగా పట్టించుకోరు, నిజమే. ఊరివాళ్లు మాత్రం చూస్తూనే ఉంటారు. మురికినీళ్లు కాలవలో వదిలిన ఒక్క బండి వల్ల మరుసటేడు ఆ చోట కమ్మీ వెలుస్తుంది.

5. చక్రం దించేముందు దిగి కాలితో తొక్కి చూడండి.

వేసవిలో పచ్చిక ఎంత బాగుంటుందో శీతాకాలంలో అంత మోసం చేస్తుంది. మూడున్నర టన్నుల బండి, లాగేవి ముందు చక్రాలు, కింద నానిన నేల. ఇంగ్లండులోనే ఒక పొలంలో అలా దిగబడి, రైతు ట్రాక్టరు తెచ్చి లాగాల్సి వచ్చింది. అతని పచ్చికంతా దున్నినట్టయింది. అతను ఏమీ అనలేదు, అదే నాకు కష్టంగా తోచింది. కంకరో సిమెంటో లేనిదే ఆగవద్దు.

ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల వాళ్లు, రైతులు తమ ఆవరణలో ఒక రోజు ఉచితంగా ఆగనిచ్చే 'ఫ్రాన్స్ పాషన్' పథకం 1993 నుంచీ ఉంది. సభ్యులై ఉండాలి, వాళ్ల సరుకు కొనాలన్న బలవంతం లేదు. అక్కడ కూడా ముందు ఫోన్ చేసి నేల ఎలా ఉందో అడగండి. చలికాలంలో వాళ్లకు కొమ్మలు కత్తిరించే పని తప్ప సందర్శకుల తాకిడి ఉండదు, మాట్లాడే తీరిక ఉంటుంది. మిరపతోటల ఊరివాణ్ణి కాబట్టి రేటు గురించి, వాన గురించి వాళ్ల గోడు నాకు సగం భాషలోనే పూర్తిగా అర్థమయ్యేది.

6. స్పెయిన్ అనగానే దుప్పటి మడిచి పెట్టకండి.

శాంటాండర్ రేవులో ఓడ దిగి దక్షిణానికి వెళ్లేవాళ్ల దారిలో బుర్గోస్ తగులుతుంది. సముద్రమట్టానికి 850 మీటర్ల పైన ఉన్న ఊరు. జనవరి రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి. మొదటిసారి మా బండిలో ఉన్నది బ్యూటేన్ గ్యాస్. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, హీటరు ఆరిపోతుంది. హీటరు ఆరి లోపల ఉష్ణోగ్రత మూడు డిగ్రీలకు దిగగానే, బాయిలరు పగలకుండా కాపాడే కవాటం దానంతటదే తెరుచుకుని నీళ్లన్నీ రోడ్డు మీదికి వదిలేసింది. తెల్లారేసరికి గ్యాసూ లేదు, కాఫీకి నీళ్లూ లేవు. ప్రొపేన్ అయితే మైనస్ నలభై దాకా ఆవిరవుతుంది. ఇంగ్లండులో ఎర్ర సిలిండరు ప్రొపేన్, నీలం బ్యూటేన్, ఎర్రదే వేసుకెళ్లండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మీట నొక్కి చూడకుండా ఏ రాత్రీ హీటరు వెలిగించవద్దు.

7. రాత్రులు లెక్కపెట్టుకోవడం మరవకండి.

2021 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టుకు షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. చలికాలమంతా అల్గార్వ్‌లో గడిపే రోజులు అలా పోయాయి. మనవరాలి భర్తది ఇంకా భారత పాస్‌పోర్టే కాబట్టి అతనికి వీసా కూడా కావాలి. అందులో ఎన్ని రోజులు ఇచ్చారో, ఎన్నిసార్లు వెళ్లిరావచ్చో చూసుకోండి. షెంగెన్‌లోకి అడుగుపెట్టిన రోజు, బయటికి వచ్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి.