పాత మోటారు సైకిలు మొరాయించినప్పుడు

కోదాడ పరిసరములలో సాగర్ కాలువ క్రింది పొలమునకు పోవలెనన్నను, మిర్యాలగూడ బియ్యపు మిల్లునకు పోవలెనన్నను, రాత్రివేళ మందులకై సూర్యాపేటకు పరుగెత్తవలెనన్నను, గ్రామములలో అనేకులకు పాత మోటారు సైకిలే ఆధారము. 2020 ఏప్రిల్‌లో భారత్-6 ప్రమాణములు అమలగుటకు పూర్వము తయారైన బండ్లలో పెక్కింటికి కార్బురేటరు ఉండును. అట్టి బండి ఆగినచో తడబడక వరుసగా పరీక్షింపవలెను.

మొదట పెట్రోలు సంగతి. కుళాయి తెరచియున్నదో లేదో చూడుడు. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము పూడినచో బండి కొంతదూరము పోయి ఆగును. మూత తీసి పెట్టగానే మరల నడచుట దీనికి గుర్తు. పిమ్మట కార్బురేటరు అడుగు స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజుసీసాలో పట్టుడు. అడుగున వేరొక పొర కనబడినచో నీరు చేరినదన్నమాట. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును. కావున బండిని నెలల తరబడి కదలింపక ఉంచరాదు.

తరువాత ప్లగ్గు. ఎంత తన్నినను అది పొడిగానే ఉన్నచో పెట్రోలు అందుట లేదు. తడిసియున్నచో నిప్పురవ్వను అనుమానింపవలెను. నల్లని మసి పట్టినచో గాలి వడపోతను శుభ్రపరుపవలెను. ప్లగ్గును దాని టోపీకి తగిలించి, రంధ్రమునకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి కిక్కు కొట్టినచో నీలిరంగు రవ్వ కనబడవలెను. అంతకుముందే సీసాలోని పెట్రోలును దూరముగా ఉంచవలెను. దగ్గర బీడీ వెలిగింపరాదు.

పంచాయతీ సభ్యులు ఈ వరుసను తమ గ్రామ యువకులకు ఒకసారి చేసి చూపినచో, అర్ధరాత్రి మందులకై బయలుదేరినవాడు దారిలో నిలిచిపోడు.