పిల్లికూనల పెంపకము – తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు

మన సామెతలలో పిల్లి తఱచుగా కానవచ్చును. కన్నులు మూసికొని పాలు త్రాగునది పిల్లి. మెడలో గంట కట్టువారెవరని ఎలుకలచే సభ చేయించినది పిల్లి. ఎన్ని శాపములు పెట్టినను ఉట్లు తెగక చిన్నబోవునది పిల్లి. మాటలలో ఇంతగా మెలగుచున్న ఈ జంతువు ఆరోగ్యమును గూర్చి మాత్రము మన యిండ్లలో తెలిసినది స్వల్పము. చెన్నపురిలో మేడమెట్ల క్రిందనో, నీళ్లతొట్టి చాటుననో, పాత సామానుల గదిలోనో పిల్లి కూనలను పెట్టుట సామాన్యము. బాలబాలికలు వానిని చూచి ముచ్చటపడి యింటికి తెత్తురు. అప్పుడు తల్లిదండ్రులు, “దీనికి ఏమి పెట్టవలెను? గీఱినచో ప్రమాదమా? ఉంచుకొనవచ్చునా?” అని ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలకు ప్రత్యుత్తరముగా ఈ పాఠమును సమకూర్చితిమి. ఇందు రెండు ప్రాణముల క్షేమము ఇమిడియున్నది: నోరులేని కూనది యొకటి, దానిని ఒడిలో నుంచుకొను బిడ్డది యొకటి.

1. మాటలు

ముందుగా మాటలను నేర్పుదము. మన పిల్లలు వీధిలో ‘పూనై’ అనియు, తరగతిలో ‘క్యాట్’ అనియు విని, యింట ‘పిల్లి’ యను మాటను మఱచుచున్నారు. మార్జాలము, బిడాలము, ఓతువు అనునవి దీనికి పర్యాయపదములు. మగదానిని గండుపిల్లి యందుము. పసిదానిని పిల్లికూన యనియు, పిల్లిపిల్ల యనియు పిలుతుము. ‘పిల్లిపిల్లలు’ అను మాటను తడబడక పదిమార్లు పలుకుమని చెప్పినచో బాలురు నవ్వుచు నేర్చుకొందురు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున ‘మర్కటకిశోర న్యాయము’, ‘మార్జాలకిశోర న్యాయము’ అని రెండు న్యాయములు ప్రసిద్ధములు. కోతిపిల్ల తల్లిని తానే కఱచుకొని యుండును. పిల్లికూన యట్లు కాదు. తల్లియే దానిని నోట కఱచి తీసికొనిపోవును. భక్తుని రక్షించుటలో భగవంతునిది ఎంత, భక్తునిది ఎంత యను చర్చ కొఱకు పెద్దలు ఈ పోలికను గ్రహించిరి. వారి పరిశీలన సత్యము. తల్లి మెడవెనుక చర్మమును పట్టినంతనే కూన కాళ్లు ముడుచుకొని కదలక యుండిపోవును. కాని యిది తల్లికిని పసికూనకును చెల్లిన యేర్పాటు. ఎదిగిన పిల్లిని బాలురు మెడపట్టి యెత్తుట తగదు. ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి వెనుకకాళ్ల క్రిందను ఉంచి యెత్తవలెను.

2. తల్లియు కూనలును

పిల్లి చూలు సుమారు 63 మొదలు 65 దినములు. ఒక కాన్పులో సామాన్యముగా మూడు మొదలు ఐదు కూనలు పుట్టును. పుట్టిననాడు కూన తూకము ఇంచుమించు 100 గ్రాములు. కన్నులు మూసికొని యుండును. ఏడు మొదలు పదునాలుగు దినములలో కన్నులు తెఱచును. వానిని చేతితో విప్పుటకు యత్నింపరాదు. మొదటి దినమున తల్లి యిచ్చు ముఱ్ఱుపాలలో రోగములను నిరోధించు శక్తి గలదు. అవి లభింపని కూనలు తేలికగా రోగముల పాలగును.

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మనవారు చెప్పుదురు. సంఖ్య ఎట్లున్నను విషయము నిజము. స్థలము భద్రముగా లేదని తోచినచో తల్లి ఒక్కొక్క కూననే మఱియొక చోటికి చేర్చును; ఆహారమునకై కొన్ని గంటలు విడిచిపోవుటయు కలదు. కావున ఒంటరిగా కనబడిన కూనను వెంటనే ‘అనాథ’ యని యెత్తుకొని వచ్చుట పొరపాటు. కూన వెచ్చగా, నిశ్శబ్దముగా నిద్రించుచున్నచో దూరమున నిలిచి కొన్ని గంటలు వేచి చూడవలెను. చల్లబడి, విడువక అఱచుచున్నచో, లేదా తల్లి చనిపోయినదని తెలిసినచో, అప్పుడే మన సాయము అవసరమగును.

అట్టి కూనకు మొదట కావలసినది వెచ్చదనము. గోరువెచ్చని నీటిసీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన నుంచవలెను. చల్లబడిన కూనకు పాలు పట్టినచో అరుగవు, ప్రాణమునకే హాని. వెచ్చబడిన పిమ్మట పిల్లికూనల కొఱకు ప్రత్యేకముగా అమ్ము పాలపొడిని కలిపి, మొదటి వారమున రెండు మూడు గంటల కొకసారి చిన్న సీసాతో పట్టవలెను. మానవశిశువువలె వెల్లకిల పరుండబెట్టి పట్టినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. బోరగిల నుంచియే పట్టవలెను. పాలు త్రాగిన పిదప తడిదూదితో పొత్తికడుపు క్రింది భాగమును మెల్లగా తుడువవలెను. తల్లి నాలుకతో చేయు పని యిదియే. ఇది లేనిదే మూడు వారములలోపు కూనలు మలమూత్రములను విసర్జింపలేవు.

3. పాలు, పెరుగన్నము

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మన బాలు రందఱును ఎఱిగినదే. రాయలవారిచ్చిన పిల్లికి ఆయన కాగిన పాలు పోయగా, అది నోరు కాల్చుకొని, నాటి నుండి పాలగిన్నెను చూచినంతనే పరుగెత్తెను. కథ హాస్యమునకై చెప్పినది. కాని శాస్త్రదృష్టితో చూచినచో ఆ పిల్లికి మేలే జరిగినది! పాలు మఱచిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెర అరుగదు, విరేచనములు పట్టును. పిల్లికి పాలే ఆహారమను నమ్మకమును మనము విడువవలెను. దానికి కావలసిన పానీయము శుభ్రమైన నీరు.

రెండవది పెరుగన్నము. శాకాహారుల యిండ్లలో పిల్లికి పెరుగన్నము కలిపి పెట్టుట వాడుక. కుక్క కొంతవఱకు సర్దుకొనును, పిల్లి సర్దుకొనలేదు. టారిన్ అను పదార్థమును పిల్లి శరీరము తగినంతగా తయారుచేసికొనలేదు. అది మాంసము, చేపలనుండియే లభింపవలెను. అది కొఱవడినచో కంటిలోని తెర చెడి గ్రుడ్డితనము కలుగునని 1975లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. గుండె కండరమును బలహీనమగునని 1987లో తేలినది. కావున యింట మాంసము వండనివారు పిల్లిని పెంచదలచినచో, పిల్లులకై తయారుచేసిన సంపూర్ణాహారమును కొని పెట్టవలెను. అదియు మనసునకు ఒప్పదన్నచో పిల్లిని పెంచకుండుటయే న్యాయము. మన నియమమునకు అది కన్నులు కోల్పోరాదు గదా!

నాలుగు వారములు నిండిన కూనకు మెత్తని ఆహారమును అలవాటు చేయవచ్చును. ఎనిమిది వారములకు ముందు తల్లినుండి వేఱుచేయరాదు. రెండవ వారము మొదలు ఏడవ వారము వఱకు మనుష్యుల చేతిస్పర్శకు అలవడిన కూన సాధువగును. తోబుట్టువులతో ఆడుకొనుచునే అది గోళ్లను దాచుటయు, మెల్లగా కఱచుటయు నేర్చును.

4. రోగములు, టీకాలు

కూనలను కబళించు రోగములలో పాన్‌ల్యూకోపీనియా అతి భయంకరము. వాంతులు, విరేచనములు, ఆహారమును ముట్టకుండుట దీని లక్షణములు. ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవచ్చును. ఇది మనుష్యులకు అంటదు. కాని దీని క్రిమి నెలల తరబడి నేలపై జీవించును. పిల్లి చనిపోయిన యింటికి టీకా లేని క్రొత్త కూనను తెచ్చినచో దానికిని అదే గతి పట్టవచ్చును. ఆఱు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారముల కొకసారి, పదునాఱు వారములు నిండువఱకు మరల వేయించవలెను. ఈ టీకాయే జలుబు కలిగించు రెండు వ్యాధులనుండియు కాపాడును. మూడు నెలలు నిండిన పిదప రేబిస్ టీకా వేయించవలెను. కడుపులోని నులిపురుగులకు మందును పశువైద్యుడు తూకమును చూచి నిర్ణయించును.

మన మందులపెట్టెలోని వానిని పిల్లికి ఇచ్చుట కంటె ప్రమాదము లేదు. జ్వరమునకు మనము వాడు పారాసిటమాల్‌ను విఱుచు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. ఒక్క మాత్రయే దానిని చంపగలదు. కుక్కలపై గోమారులను పోగొట్టుటకు చల్లు పెర్మెత్రిన్ మందులు పిల్లికి విషము. నేల కడుగు ఫినాయిలు, ఉల్లి, వెల్లుల్లి, లిల్లీ పువ్వులు కూడ హానికరములే. గండుపిల్లి మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి, చుక్కయైనను రాక అఱచుచున్నచో, మలబద్ధకమని యూరకుండరాదు. మూత్రమార్గము మూసికొనినదేమో యని అనుమానించి ఆనాడే వైద్యుని కడకు కొనిపోవలెను. మఱునాటికి వాయిదా వేసినచో ప్రాణము దక్కకపోవచ్చును.

5. బిడ్డల రక్షణ

పిల్లి కఱచినను, రక్తము వచ్చునట్లు గీఱినను బాలుడు దెబ్బలకు భయపడి దాచుకొనుట కలదు. ఇదియే అన్నిటికంటె పెద్ద అపాయము. రేబిస్ లక్షణములు పైకి వచ్చిన పిమ్మట దానికి చికిత్స లేదనియే చెప్పవలెను. ముందుగా టీకా వేయించుకొన్నచో దాదాపు ఎల్లపుడును నివారింపవచ్చును. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చర్ ఒక బాలునికి ఈ టీకాను తొలిసారి వేసి కాపాడెను. మన ప్రాంతమున కూనూరులో పాశ్చర్ సంస్థ 1907లో వెలసినది. ఇంత కాలముగా మందు అందుబాటులో నున్నను, గాయమును దాచిన బిడ్డను అది కాపాడలేదు. కావున “గీఱినదని చెప్పినచో కోపగింపము” అని పిల్లలకు ముందుగానే మాట యిండు.

గాయమును వెంటనే కుళాయి నీటి ధార క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసుపు పూయరాదు. పిమ్మట ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన దినములలో సూదులన్నిటిని తప్పక వేయించవలెను. మూడవ సూదితో మానుకొనుట ప్రమాదకరము.

గర్భిణులు పిల్లి మలమును తాకరాదు. టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి దానిద్వారా సోకి గర్భస్థశిశువునకు హాని చేయవచ్చును. అంతమాత్రమున పిల్లిని వెడలగొట్ట నవసరము లేదు. మలము పడిన ఒకటి మొదలు ఐదు దినములకు గాని ఆ జీవికి అంటు శక్తి కలుగదు. కావున యింటిలో మఱియొకరు ప్రతిదినమును పెట్టెను శుభ్రపఱచినచో చాలును.

6. సంతతి సమస్య

ఆడుపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చును. కూనలు పాలు కుడుచుచుండగనే మరల చూలు కట్టగలదు. ఏడాదికి రెండు మూడు కాన్పులు. ఇన్ని కూనలకు ఇండ్లెక్కడ? అందుచేతనే కొందఱు వానిని సంచిలో కట్టి చేపల బజారులో విడిచి వత్తురు. అచ్చట చేపలు దొరకునని తమకు తాము సమాధానము చెప్పుకొందురు. కాని తల్లిపాలు మఱవని కూనకు చేపలబజారు అన్నసత్రము కాదు. కుక్కల నడుమ, బండ్ల నడుమ అది ఎన్నాళ్లు బ్రతుకును? ఆ సంచిని చూచిన మన బిడ్డ యేమి నేర్చును? ఇతరుల కష్టము కంటికి కనబడనంత దూరమున ఉన్నచో తప్పు లేదని నేర్చును.

దీనికి మార్గము సంతాననిరోధక శస్త్రచికిత్స. ఐదు నెలల ప్రాయమున ఆడు, మగ రెంటికిని చేయించవచ్చును. ఒకసారి యీనిన పిదపనే చేయించవలెనను మాటకు ఆధారము లేదు.

ఈ విషయములో చెన్నపురివారము అదృష్టవంతులము. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో సైదాపేటలో ఆరంభమై, పిదప వేపేరికి చేరినది. దాని యాసుపత్రిలో చిన్న జంతువులకును చికిత్స జరుగును. 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయమునకు ఈ కళాశాలయే మూలము. విమానచోదకులైన కెప్టెన్ వి. సుందరం గారు 1959లో ఇచ్చటనే బ్లూ క్రాస్ సంస్థను స్థాపించిరి. వీధికుక్కలను చంపుటకు మాఱుగా శస్త్రచికిత్స చేసి విడుచు పద్ధతిని ఆ సంస్థ 1964లోనే చేపట్టినది. ఆ మార్గమే పిల్లులకును వర్తించును.

ముగింపు

పిల్లిని పెంచుట యనగా పదునైదేండ్ల బాధ్యత. నేడు నాల్గవ తరగతిలోని బాలుడు ఉద్యోగమున చేరునాటికిని అది జీవించియుండవచ్చును. ఆ బాధ్యతను వహింప జాలని యింట “వద్దు” అని చెప్పుట క్రూరత్వము కాదు. వహింపగల యింట మాత్రము, జీవకారుణ్యమును బోధించుటకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము లేదు.

అభ్యాసము (తల్లిదండ్రులు యింట చేయింపవలసినది)

1. పిల్లికి గల పర్యాయపదములను మూడింటిని వ్రాయింపుడు.
2. పిల్లిని గూర్చిన సామెతలను అవ్వతాతల నడిగి ఐదు సేకరింపజేయుడు.
3. పిల్లి గీఱినచో మొదట చేయవలసిన పనిని కుళాయి కడ చేసి చూపింపుమనుడు.
4. ఇంటిలో పిల్లి యున్నచో దాని టీకాల తేదీలను బాలునిచేత తెలుగులో ఒక పట్టికగా వ్రాయించి గోడకు అంటింపుడు.