బయటికొచ్చిన కాగితం గూడ చూడు

మేడ్చల్,
ఆదివారం పొద్దున.

చిరంజీవి మేనకోడలికి మీ మామ ఆశీస్సులు.

బిడ్డా, నీ ఉత్తరం నిన్న అందింది. శామీర్‌పేటలో మీ వెనక గదిలోకి కొత్తగా కిరాయికి దిగినతను చర్లపల్లి జైలు నుంచి విడుదలై వచ్చాడని గల్లీలో ఎవరో అన్నారనీ, ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి మీ అమ్మకు నిద్ర పట్టడం లేదనీ రాశావు. అమెరికాలో ఉన్న మీ అన్న, అక్కడైతే కౌంటీ జైలు వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఎవరు ఎప్పుడు లోపలికి పోయారో, ఎప్పుడు బయటికొచ్చారో ఫొటోతో సహా కనబడుతుందని చెప్పాడట. మన దగ్గర అది ఎక్కడ చూడాలి మామా అని అడిగావు. ముప్పై ఏళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ని, నాకు తెలిసి ఉంటుందనుకున్నావు. తెలుసు, అంతా చెబుతాను. తల్లీబిడ్డలిద్దరే ఉండే ఇంట్లో, గోడవతల ఎవరున్నారో తెలుసుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. కానీ దానికి ముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

పదిహేనేళ్ల కిందటి మాట. మన మేడ్చల్ రోడ్డు మీద గోదాము పెట్టుకున్న ఒకాయన, వాచ్‌మన్‌గా పెట్టుకోబోయే మనిషి పేరు చెప్పి, ఏమన్నా కేసులున్నాయేమో చూడమన్నాడు. నేను మా ఆఫీసు డైరీ తిరగేశాను. పేరు ఉంది, క్రైం నంబరు ఉంది, దొంగతనం కేసులో రిమాండుకు పంపినట్టు ఉంది. ‘ఉందండీ, జైలుకు పోయొచ్చాడు’ అని ఫోన్లో చెప్పేశాను. రెండు నిమిషాల పని. వారం తర్వాత ఆ మనిషే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. చొక్కా లోపలి నుంచి పాలిథిన్ కవరొకటి తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం విప్పి నా బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించి ఉంది. కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ. ఎనిమిది నెలల ముందే కేసు కొట్టేశారు. ‘అన్నా, లోపలికి పోయిన కాగితం జూసినవు. బయటికొచ్చిన కాగితం గూడ జూడరాదే’ అన్నాడు. ఆ కాగితం మళ్లీ అవే మడతల మీద మడిచి కవర్లో పెట్టుకొని దిగిపోయాడు. నేను గోదాము ఆయనకు ఫోన్ చేశాను, కానీ అప్పటికే ఆ ఉద్యోగంలో వేరే మనిషి చేరిపోయాడు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న నియమం ఒక్కటే, నీకూ అదే చెబుతున్నా. ఒక మనిషి రికార్డు వెతకడం మొదలుపెడితే ఆఖరి కాగితం దొరికేదాకా వెతకాలి. అంత ఓపిక లేకపోతే మొదటి కాగితాన్నీ ముట్టుకోవద్దు.

ఎందుకంటావేమో. ‘విడుదల’ అనేది ఒక్క మాటే గానీ, దాని వెనక ఐదారు సంగతులుంటాయి. బెయిల్ మీద వచ్చాడా, అయితే కేసు ఇంకా నడుస్తోంది, నేరం చేశాడో లేదో కోర్టు ఇంకా చెప్పలేదు. పోలీసులు 60 రోజుల్లోనో, పెద్ద నేరమైతే 90 రోజుల్లోనో చార్జిషీటు వేయకపోతే, అడిగినవాడికి బెయిల్ ఇచ్చి తీరాలి. కేసు కొట్టేస్తే నిర్దోషి. చట్టం ఒప్పుకునే కేసుల్లో రాజీ కుదిరినా చట్టం లెక్కలో నిర్దోషి కిందే జమ. శిక్ష పూర్తిచేసుకొని వచ్చినవాడు తన బాకీ తీర్చుకున్నవాడు. మంచి నడవడిక చూసి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినవాళ్లు వేరు. 2024 జులై మొదట్లో మన రాష్ట్రంలో 213 మందిని అలా వదిలారు. పెరోల్ మీద వచ్చినవాడు గడువు తీరగానే మళ్లీ లోపలికి పోవాల్సిందే. గల్లీలో వీళ్లందరికీ ఒకటే పేరు, ‘జైలు నుంచొచ్చినోడు’.

ఇంకొక లెక్క చూడు. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో చెప్పింది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే జైల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. చర్లపల్లి గేటు దాటి వచ్చాడన్న ఒక్క మాటతో మనిషిని తూచడం ఎందుకు కుదరదో దీన్నిబట్టే అర్థం చేసుకో.

సరే, నువ్వడిగిన దారి చెబుతాను. మన దగ్గర జైలు వాళ్లు వచ్చేపోయేవాళ్ల పట్టీ అందరికీ కనబడేలా పెట్టరు. ఈ-ప్రిజన్స్ అని కంప్యూటర్ వ్యవస్థ ఉంది గానీ, అది జైళ్లకూ కోర్టులకూ పోలీసులకూ పనికొచ్చేది. బయటివాళ్లకు దానితో ముఖ్యంగా పడే పని ములాఖత్ బుక్ చేసుకోవడమే. మనం వెతకాల్సింది కోర్టులో.

వెతకడానికి పేరు ఒక్కటే చాలదు. మన ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎంతమంది లేరు? పోలీస్ స్టేషన్ ఏది, క్రైం నంబరు ఎంత, ఏ సంవత్సరం, ఈ మూడూ కావాలి. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టమంది. లైంగిక నేరాలు, పిల్లల మీద లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటివి పెట్టరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం, అరెస్టయినవారి పేరు, చిరునామా, నేరం ఎలాంటిదన్నది ప్రతి పోలీస్ స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో కనబడేలా ఉంచాలి. కేసు కొట్టేసినప్పుడు మాత్రం అలాంటి బోర్డు పెట్టమని ఆ సెక్షన్ చెప్పదు. లోపలికి పోయిన కాగితం గోడ మీద ఉంటుంది, బయటికొచ్చిన కాగితం పాలిథిన్ కవర్లో ఉంటుంది. అందుకే రెండోది పనిగట్టుకొని వెతకమంటున్నా.

ఆ రెండోది దొరికేది ఈ-కోర్ట్స్‌లో. ఫోన్లో యాప్ ఉంది, వెబ్‌సైట్ ఉంది, పైసా ఖర్చు లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకొని ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకొచ్చు, కక్షిదారు పేరుతోనూ వెతకొచ్చు. పెండింగ్‌లో ఒకసారి, పరిష్కారమైన వాటిలో ఒకసారి, రెండుచోట్లా చూడాలి. చాలామంది పెండింగ్ ఒక్కటే చూసి ఆగిపోతారు. కేసు దొరికితే దానికి సీఎన్ఆర్ అని పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. అది రాసి పెట్టుకుంటే మళ్లీ పేరుతో పనిలేదు. పేషీ ఎప్పుడు, ఏ దశలో ఉంది, తీర్పు ఏమిటి అన్నీ దాని కిందే వస్తాయి. కింది కోర్టు శిక్ష వేసినా, పైకోర్టు అప్పీల్లో కొట్టేసి ఉండొచ్చు. హైకోర్టు వెబ్‌సైట్ కూడా చూడనిదే మాట జారవద్దు. ముద్ర ఉన్న కాపీ కావాలంటే కోర్టులో దరఖాస్తు పెట్టాలి. ఆ కేసుతో సంబంధం లేని నీలాంటివాళ్లు ఎందుకు కావాలో రాసి, కోర్టు అనుమతి తీసుకోవాలి. క్షమాభిక్ష మీద వచ్చినవాళ్లయితే ప్రభుత్వ ఉత్తర్వు ఉంటుంది.

సమాచార హక్కు కింద జైలుకు అర్జీ పెడితే రాదా అంటావు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు, అంతవరకు నిజమే. కానీ ఫలానా మనిషి వివరాలివ్వమంటే, అది వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) కింద తిప్పి పంపొచ్చు. వ్యక్తిగత డేటా రక్షణకని 2023లో చేసిన చట్టం ఆ నిబంధనను ఇంకా బిగించింది. ఆ అర్జీకి వేరే మంచి వాడకం ఉంది. బెయిల్ వచ్చి కూడా జమానతులు దొరక్క ఎంతమంది లోపలే ఉన్నారు అని అడుగు, ఆ లెక్క ఇవ్వడానికి ఎవరి పేరూ అక్కర్లేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు, బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని చెప్పింది. ఆ మాట ఎంతవరకు నడుస్తోందో అడిగే పౌరులు ఉండాలి కదా.

కాగితాలు వెతకడమే తప్పని అనుకుంటావేమోనని ఇంకొక సంగతి చెబుతాను. ఒకసారి ఒకామె చంకలో బిడ్డతో మా ఆఫీసుకు వచ్చింది. భర్త కొట్టిన కేసులో అతను లోపలున్నాడు. ‘ఎప్పుడొస్తడో ముందుగాల తెలిస్తే మా అమ్మగారింటికి పోత సార్’ అన్నది. ఆమెకు అది ప్రాణంతో సమానమైన సమాచారం. వారం వారం బెయిల్ పిటిషన్ పేషీ చూసి చెప్పాను. ఇప్పుడైతే ఆమె ఫోన్లోనే ఆ కేసు పెట్టి ఇచ్చేవాణ్ని. అలాంటివాళ్లు నీ దగ్గరకు వస్తే చెప్పు: బెయిల్ వాదనల్లో బాధితుల మాట వినాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసైతే 15ఎ సెక్షన్ కింద బెయిల్ విచారణ సంగతి వాళ్లకు ముందుగా తెలపాలి. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సహాయం దొరుకుతుంది, ఆడవాళ్లకు వకీలు ఫీజు ఉండదు.

మీ అన్న చెప్పిన అమెరికాలోనూ ఇలాంటి అవసరమే కనబడింది. కెంటకీ రాష్ట్రంలో 1993 డిసెంబరులో మేరీ బైరన్ అనే యువతిని, బెయిల్ మీద బయటికొచ్చిన పాత స్నేహితుడు కాల్చి చంపాడు. వాడు బయటికొచ్చిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ దుఃఖంలోంచే, ఖైదీ విడుదల కాగానే బాధితులకు ఫోన్ మోగే ‘వైన్’ అనే ఏర్పాటు ఆ మరుసటి ఏడే పుట్టింది. అది మంచి పని. అదే దేశంలో జైలు ఫొటోలు ఏరుకొని వెబ్‌సైట్లలో పెట్టి, తీసేయాలంటే డబ్బు గుంజినవాళ్లూ తయారయ్యారు. వాళ్లను ఆపడానికి కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేయాల్సి వచ్చింది. రికార్డు అదే. ఒకరి ప్రాణం కాచేందుకు ఒకరు వాడారు, ఒకరి బతుకు మీద బేరం పెట్టేందుకు ఇంకొకరు వాడారు.

ఇప్పుడు మీ కిరాయిదారు సంగతి. గల్లీ వాట్సాప్ గ్రూపులో అతని గురించి ఒక్క ముక్క రాయొద్దు, మీ అమ్మనూ రాయనివ్వొద్దు. పరువు నష్టం కింద భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ రెండేళ్ల దాకా జైలు అంటుంది. అది పక్కనపెట్టినా, పంపిన మాటను వెనక్కి తెచ్చుకోలేం, అది నేను పడ్డ బాధ. పద్దెనిమిది నిండకముందు కేసైతే అసలు తవ్వొద్దు. పిల్లల కేసుల్లో పేరు బయటపెట్టడమే నేరమని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది.

ముందు అతన్నే అడుగు. పొద్దున పనికి పోయే తొందరలో కాదు, సాయంత్రం వచ్చి చెయ్యీ కాళ్లూ కడుక్కున్నాక. అమ్మను పక్కన కూర్చోబెట్టుకో. అతనికీ కుర్చీ వెయ్యి, చాయ్ ఇవ్వు. ‘అన్నా, ఇట్లా విన్నం, కేసు ఏమైంది?’ అని సూటిగా అడుగు. కిరాయికి ఇచ్చే ప్రతివాళ్లనూ అడిగినట్టే ఆధార్ కాపీ తీసుకో, పోలీస్ స్టేషన్‌లో కిరాయిదారు వివరాలు ఇస్తామని అతనితోనే చెప్పు. నంబరు చెబితే ఈ-కోర్ట్స్‌లో అతని ముందే చూడు. కేసు నడుస్తుంటే, దేని మీద కేసో చూసి, అమ్మతో మాట్లాడి, మీరు నిర్ణయం తీసుకోండి. ఇల్లు మీది, వద్దనే హక్కు మీకుంది. వద్దనాల్సి వస్తే మర్యాదగా నెల గడువిచ్చి చెప్పండి, నలుగురిలో కాదు. అర్థం కానిదేమైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, అప్పుడే బస్సెక్కి వస్తా.

ఒకవేళ అతను లోపలికి పోయి పాలిథిన్ కవరొకటి తెచ్చి నీ చేతికిస్తే, ఆ కాగితం చివరి పేజీ దాకా చదువు. ఫోన్లో ఫొటో తీసుకోవద్దు. చదివాక అవే మడతల మీద మడిచి, రెండు చేతులతో అతనికి ఇచ్చెయ్యి.

అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మామ