చర్మం కింద గడ్డ.. స్కానింగ్‌లో పురుగు!

ప్ర: డాక్టర్ గారూ, నా వయసు 34. కుడి జబ్బ మీద మూడు నెలల క్రితం చిన్న గడ్డ చేతికి తగిలింది. అప్పట్లో నొప్పి లేదు. ఈమధ్య వాచి, నొక్కితే సలుపుతోంది. కొవ్వుగడ్డ అనుకుంటే, స్కానింగ్‌లో ‘సిస్టిసర్కోసిస్’ అని తేలింది. బద్దెపురుగు పిల్ల అట! పంది మాంసం తినేవాళ్లకు వస్తుందని చదివాను. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం. రిపోర్టు తప్పా? ముక్క తీసి పరీక్షకు పంపాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: మీరు శాకాహారులైనంత మాత్రాన రిపోర్టు తప్పనుకోనక్కర్లేదమ్మా. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్ల పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. గడ్డలు వచ్చే దారి వేరు. ఆ పురుగున్న మనిషి మలంలో దాని గుడ్లు బయటికొస్తాయి. ఆ మనిషి చేతులు సరిగా కడుక్కోకుండా వడ్డించినా, ఆ మలం కలిసిన నీళ్లతో పండిన ముల్లంగో కొత్తిమీరో పచ్చిగా తిన్నా గుడ్లు మన కడుపులోకి చేరతాయి. పిల్లపురుగులు పేగు గోడ దాటి, రక్తంలో ప్రయాణించి కండలోనో, చర్మం కిందో, కంట్లోనో, మెదడులోనో మకాం పెడతాయి. ఇంట్లో మాంసం వండకపోయినా, బయట చాట్ మీద పచ్చి కొత్తిమీర చల్లించుకుని తిననివాళ్లెవరు?

ఇక స్కానింగ్ సంగతి. కడుపు చూసే ప్రోబ్ సాధారణంగా 2–5 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపుతుంది. అవి లోతుకు వెళ్తాయి గానీ సన్నని వివరాలు చూపలేవు. చర్మం కింది గడ్డలకు 10 మెగాహెర్ట్జ్, ఆపైన ఉండే ప్రోబ్ పెడతారు. లోతు తగ్గినా బొమ్మ స్పష్టంగా వస్తుంది. మీ రిపోర్టులో ‘స్కోలెక్స్’ అనే మాట ఉందేమో చూడండి. సెంటీమీటరు అటూఇటూగా ఉండే నీటితిత్తి నల్లగా, దాని గోడకు ఒక పక్కన అంటుకుని తెల్లటి చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కే పురుగు తల. అది స్పష్టంగా ఉంటే సాధారణంగా ముక్క తీయాల్సిన పని ఉండదు. తల కనిపించనప్పుడే సూది పరీక్షో బయాప్సీయో అవసరమవుతుంది. తిత్తి చుట్టూ వాపు కనిపిస్తే, పురుగు చస్తూ లోపలి ద్రవం బయటికి కారుతోందనుకోవచ్చు. మీకు సలుపు దానివల్లే కావచ్చు. ఎప్పుడో చచ్చిన పురుగైతే సున్నం పట్టి బియ్యపు గింజలా మెరుస్తుంది.

నులిపురుగుల మాత్రేగా అని మందుల షాపులో ఆల్బెండజోల్ కొని మింగేయకండి. మెదడులోనో కంట్లోనో కూడా తిత్తులుంటే, మందుకు అవి చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు, చూపు దెబ్బతినవచ్చు. అందుకే ముందు కంటి పరీక్ష, మెదడుకు ఎంఆర్ఐ చేయించాలి. గతంలో ఫిట్స్‌గానీ, విడవని తలనొప్పిగానీ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. గడ్డ ఇదొక్కటే అయితే చిన్న ఆపరేషన్‌తో తీసేయించుకోవచ్చు. ఇంట్లో అందరికీ, వంటమనిషి ఉంటే ఆమెకూ మల పరీక్ష చేయించండి.

ప్ర: మా పిల్లలిద్దరికీ వేళ్ల సందుల్లో గజ్జి. రాత్రయితే ఒకటే గోకుడు. దీనికీ స్కానింగ్ తీయించాలా?
– ఒక తండ్రి, వరంగల్

జ: డబ్బు దండగ. గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలోనే బొరియ తవ్వుకుంటుంది. మామూలు స్కానింగ్‌కు అది అందదు. వేళ్ల సందులు, మణికట్లు, బొడ్డు చుట్టూ చూసి, ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారో అడిగితే చాలావరకు తెలిసిపోతుంది. అనుమానముంటే చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు. సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్‌ను రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసి, పొద్దున కడిగేయమంటాం. వారం తర్వాత మరోసారి. నెలల పిల్లలుంటే మాత్రం డాక్టరును అడగకుండా రాయొద్దు. చాలా ఇళ్లలో పిల్లలకు రాసి పెద్దలు మానేస్తారు, గజ్జి మళ్లీ మొదలవుతుంది. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికించండి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు. మందు పనిచేయలేదనుకుని రోజూ క్రీమ్ పూయకండి.