బిడ్డ కోసం చూస్తున్నప్పుడు భర్తకు స్ఖలనం కాకపోతే

ఈ నెల పాఠం భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని చదువుకోవలసినది.

పెళ్లయి రెండు మూడేళ్లయినా పిల్లలు కలగలేదని చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపుల నుంచి మా దగ్గరకు ముందుగా వచ్చేది కోడలూ, అత్తగారూ. "మావోనికేమమ్మా, ఎద్దు మాదిరి ఉండాడు" అంటారు అత్తగారు. కోడలికి స్కానింగు, రక్తపరీక్షలు, గర్భనాళాల ఎక్స్‌రే అన్నీ అయిపోయి ఉంటాయి. భర్తను మాత్రం ఎవరూ ఒక్క మాట అడిగి ఉండరు. ఆ అమ్మాయిని పక్కగదిలో కూర్చోబెట్టి నిదానంగా అడిగితే, ఒక్కొక్కసారి చాలాసేపు తల వంచుకుని, "ఆయనకు లోపల పడదు సిస్టరమ్మా" అంటుంది.

అంగం గట్టిపడటం వేరు, వీర్యం బయటకు రావడం వేరు. మొదటిది చక్కగా ఉండి రెండోది జరగకపోవచ్చు. అలాంటి మనిషికి మగతనం లేదనడం తప్పు. త్వరగా స్ఖలనమయ్యేవారు కూడా చాలా దిగులు పడుతుంటారు. వీర్యం యోనిలో పడుతుంటే అది ఎంత త్వరగా పడినా గర్భానికి అడ్డు కాదు. లోపలికి వెళ్లకముందే అయిపోతుంటేనే వైద్యం కావాలి.

మేము ఎక్కువగా చూసేది ఇంకొకటి. మామూలు రోజుల్లో భర్తకు ఏ ఇబ్బందీ ఉండదు. "ఈ రాత్రి తప్పకూడదు" అని క్యాలెండరులో గుర్తు పెట్టుకున్న రోజునే ఎంతసేపైనా వీర్యం రాదు. పత్తి పనులు అయ్యాక గుంటూరు వైపు మిరప కోతలకో, బెంగుళూరుకు కూలికో పోయే కుటుంబాల్లో ఇది ఇంకా కష్టం. నెలకు రెండు రాత్రులే ఇంట్లో ఉంటాడు, ఆ రెండూ పరీక్ష రాసినట్టే ఉంటాయి. పక్కగదిలో అమ్మానాన్నలు, వీధిలోకి వస్తే "ఇంకా విశేషం లేదా?" అని అడిగేవారు. మనసు బెదిరితే శరీరం మాట వినదు.

ఇందుకు మొదటి మందు ఆ ఒక్క రోజు లెక్క మానుకోవడమే. అండం విడుదలయ్యాక ఒక రోజుకు మించి ఉండదు గానీ, వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతకగలవు. 28 రోజులకొకసారి బహిష్టు అయ్యే స్త్రీ అయితే, మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 8వ రోజుకూ 16వ రోజుకూ మధ్య రెండు మూడు రోజులకొకసారి కలిస్తే చాలు. ఒక రాత్రి కాకపోతే ఇంకొక రాత్రి ఉంది. భార్య ఆ రోజు తేదీ గుర్తు చేయకుండా ఉంటే మరీ మంచిది. వలస వెళ్లేవారు వీలైతే ఆ నెలల్లో ఇద్దరూ కలిసి వెళ్లడం మేలని మా అభిప్రాయం.

కొందరికి చేతితో వస్తుంది, భార్యతో రాదు. చేతి అలవాటు వల్ల నరాలు చచ్చిపోతాయని గోడల మీద రాసే రాతలు అబద్ధం. అయితే చాలా గట్టిగా పట్టుకునే అలవాటుంటే యోనిలోని మెత్తదనం సరిపోకపోవచ్చు. ఆ అలవాటును నెమ్మదిగా మార్చుకోవచ్చు. అంతవరకు ఆగలేనివారికి కూడా దారి ఉంది. శుభ్రమైన వెడల్పు మూతి డబ్బాలో వీర్యం పట్టి, సూది లేని సిరంజితో యోనిలో పెట్టే పద్ధతిని డాక్టరు గారు చూపిస్తారు. మామూలు నిరోధ్‌లో పట్టకండి, వాటి పూత వీర్యకణాలకు హాని చేయవచ్చు.

సుఖం కలుగుతుంది గానీ వీర్యం రాదు, తరువాత పోసిన మూత్రం పాలలా మసకగా ఉంటుంది అంటే, అది మరో సంగతి. మూత్రాశయం మూతి సరిగా మూసుకోక వీర్యం వెనక్కి, మూత్రసంచిలోకి పోతుంది. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేనివారికి, ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారికి ఇలా కావచ్చు. కిడ్నీ రాళ్లకు ఇచ్చే టామ్సులోసిన్ బిళ్ల వల్ల కూడా కావచ్చు. మన ఎండల్లో తిరిగే కుర్రవాళ్లు ఆ బిళ్లను వాడుతూ, దీనికీ దానికీ సంబంధముందని ఊహించరు. మానితే సాధారణంగా సరిపోతుంది. దిగులుకు వాడే సెర్ట్రాలిన్, పారోక్సెటిన్ వంటివి స్ఖలనాన్ని ఆలస్యం చేస్తాయి. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరు గారు మార్చి ఇస్తారు. మందులతో మారకపోతే మూత్రంలోంచి వీర్యకణాలను వేరుచేసి, కడిగి, గర్భాశయంలో పెట్టే వైద్యం ఉంది.

చెట్టు మీద నుంచో మిద్దె మీద నుంచో పడి వెన్నెముక దెబ్బతిన్నవారు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. కంపించే యంత్రంతో వీర్యం రప్పించవచ్చు. కానీ దెబ్బ పైభాగంలో ఉంటే బి.పి. ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగవచ్చు, కనుక మొదటిసారి ఆసుపత్రిలోనే జరగాలి.

లాడ్జీల్లో దిగి, కోర్సు అని వేలు గుంజేవారి దగ్గరకు పోవద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. ఐ.వి.ఎఫ్. దాకా వెళ్లవలసి వస్తే, 2021లో వచ్చిన చట్టం ప్రకారం రిజిస్టరైన కేంద్రమేనా అని అడగండి.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి రండి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే రండి. అసలు స్ఖలనమే కాకపోతే ఎదురుచూడనక్కరలేదు. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు ఆగాలి. పరిమాణం 1.4 మిల్లీలీటర్ల కంటే తక్కువుంటే, వెనక్కి పోతున్నదేమోనని మూత్రం కూడా చూస్తాం. ల్యాబులో కూర్చుంటే రానివారు ఇంటి దగ్గరే పట్టి తేవచ్చు, కానీ గంటలోపు చేరాలి. చిప్పగిరిలో బస్సు కోసం నిలబడితేనే ఆ గంట అయిపోతుంది. కాబట్టి ముందురోజు టౌనులో బంధువుల ఇంట్లో దిగి, డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకురండి. వాడుతున్న బిళ్లల పట్టీలన్నీ, నాటుమందులతో సహా, వెంట తెచ్చుకోండి.